ఏడు రోజుల బోర్డు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. కొత్త మాత్ర పడింది, ఇప్పుడు మెట్లు దిగేటప్పుడే నొప్పి. "వాడికి ఇంక్రిమెంటు వచ్చేలోపు నా మోకాళ్లు రిటైరవుతాయి" అని నవ్వుతోంది. నీ గది పైకప్పు కారుతుంటే పుస్తకాలు మంచం మీదికి ఎక్కించి నువ్వు కింద పడుకుంటున్నావట. పుస్తకాలకు జలుబు చేయదురా.

ఇక నీ అసలు ప్రశ్న. మా ఆఫీసు పద్ధతిని మీ దగ్గరా పెట్టబోతున్నారనీ, ఆ పని నీకే అప్పగించారనీ, వివరంగా రాయమనీ అడిగావు. మూడు వారాలుగా జవాబు రాయనిది పని ఒత్తిడి వల్ల కాదు.

పద్ధతి ఇది. ఏ ఫైలూ ఏ బల్ల మీదా ఏడు రోజులు దాటకూడదు. దాటితే ఆ గుమాస్తా పేరు వరండాలో బోర్డు మీదికి ఎక్కుతుంది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. అంతకుముందు మా దగ్గర ఫైళ్లు ఏళ్ల తరబడి నిద్రపోయేవి. మొదటి నెల అందరం నిజంగానే పరుగెత్తాం. రెండో నెలలో నేనొక సంగతి కనిపెట్టాను. ఆరో రోజున ఏదో ఒక లోపం చూపి ఫైలు వెనక్కి పంపితే, రిజిస్టరులో 'పరిష్కారమైంది' అని పడుతుంది. తిరిగొస్తే మళ్లీ ఒకటో రోజే. పాము చావదు, కర్ర విరగదు. పెద్దసారు మెచ్చుకుని తక్కిన సెక్షన్లకూ నేర్పమన్నారు. నేర్పాను. బోర్డు ఖాళీ అయింది. మా ఆఫీసుకు ప్రభుత్వ బహుమతి వచ్చింది దానికే.

నా బల్లకు ఆసుపత్రుల మరమ్మతు ఫైళ్లు వస్తాయి. పెద్దాసుపత్రి పాత భవనంలో లిఫ్టు నడిపే ఒకాయన ఉండేవాడు. లిఫ్టు బ్రేకు అరిగిందని సూపరింటెండెంటు చేత రాయించి, టపాలో ఆలస్యమవుతుందని కాగితాలు తానే పట్టుకొచ్చేవాడు. స్ట్రెచరు ఎక్కిస్తే లిఫ్టు జానెడు కిందికి జారి ఆగుతోందని చేత్తో కొలిచి చూపించాడు. మొదటిసారి అంచనా పత్రం లేదని పంపాను. రెండోసారి కిందటి మరమ్మతు తేదీ లేదన్నాను. మూడోసారి లిఫ్టు నంబరు. అన్నీ ఒకేసారి అడగొచ్చు కదా అంటావేమో. ఒకేసారి అడిగేస్తే, తర్వాత వచ్చే ఆరో రోజుకు ఏం మిగులుతుంది?

నాలుగోసారి వెనక్కి పంపిన పన్నెండు రోజులకు లిఫ్టు మూడో అంతస్తు నుంచి పడింది. రోగిని పైన దింపి ఖాళీగా వస్తున్నాడు కాబట్టి పోయింది ఆయనొక్కడే.

విచారణ అధికారి వచ్చి రిజిస్టరు తిరగేశాడు. ఆ ఫైలు మా దగ్గర ఏ ఒక్కసారీ ఏడు రోజులు దాటలేదు. మా తప్పేమీ లేదని రాసుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా వంతు ఆ పిడికెడు కూడా రాలేదు.

ఇంతవరకూ ఆఫీసులో అందరికీ తెలిసిందే. తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను. నాలుగోసారి ఆ ఫైల్లో లోపమేదీ దొరకలేదు. ఆరో రోజు సాయంత్రం. ఆయన బల్ల ముందే నిలబడి ఉన్నాడు. వెతికి వెతికి, జతచేసిన కాగితాలకు పేజీ నంబర్లు లేవన్నాను.

"పెన్ను ఇవ్వండమ్మా, ఇక్కడే వేసేస్తాను," అన్నాడు.

"సూపరింటెండెంటు గారి ద్వారానే రావాలి," అన్నాను.

పెన్ను నా చేతిలోనే ఉంది. దానితోనే వెనక్కి పంపమని రాశాను. ఆయన సరేనని కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇదంతా రాసి, సంతకం పెట్టి విచారణ అధికారికి ఇచ్చాను. ఆలోచించుకోమని ఆయన ఒక రోజు గడువిచ్చాడు. మర్నాడు వెళ్లి, వెనక్కి తీసుకోనన్నాను. ఇప్పుడు సస్పెన్షన్‌లో ఉన్నాను. అమ్మకు సెలవని చెప్పాను. బోర్డు మాత్రం అలాగే ఉంది, ఇవాళా ఖాళీగానే.

మీ దగ్గర గడువు పెట్టి తీరాలంటే, లెక్క బల్ల దగ్గర మొదలుపెట్టనివ్వకు. మనిషి మొదట అడిగిన రోజు నుంచి అతని పని అయ్యేదాకా లెక్కపెట్టండి. లోపాలన్నీ ఒక్కసారే అడగండి. అనుమానముంటే వెళ్లి చూసి రండి. నేను ఆ లిఫ్టును ఒక్కసారీ చూడలేదు. ఆసుపత్రి మాకు నాలుగు వీధుల అవతలే.

మొన్న ఆ లిఫ్టు ఆయన ఇంటికి వెళ్లాను. ఒకటే గది. ఆయన యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టి ఉంది, ఆసుపత్రికి అప్పజెప్పాలట. నేను ఏ ఆఫీసు నుంచి వచ్చానో చెప్పగానే ఆయన భార్య టీ పెట్టింది.

"మీ గురించి చెప్పేవారమ్మా. అక్కడ అందరూ విసుక్కుంటారు, ఆ మేడమొక్కతే ఏం తక్కువైందో నెమ్మదిగా చెప్తుంది అనేవారు," అంది.

అప్పుడు చెప్పాను. పెన్ను సంగతీ చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె ఒకటే అడిగింది.

"ఎన్ని కాగితాలు?"

"ఐదు," అన్నాను.

ఆమె లేచి, తలుపు తీసి పట్టుకుంది. నేను వచ్చేశాను.

ఈ ఉత్తరం మీ అధికారికి చూపించాలనిపిస్తే చూపించు. అమ్మకు మాత్రం నేనే చెప్తాను.

ఇట్లు,
నీ అక్క