మిరపకాయలోని ఎరుపు

ఏమయ్యా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున నీ తమ్ముడు నీ కెమెరా కొనే మనిషిని వెంటబెట్టుకుని మన పత్తికొండ స్టూడియోకు వచ్చాడు. అప్పటికి నేను కిటికీలకు నల్లగుడ్డ కట్టి, పచ్చిమిరపకాయలకు ఫోటో తీస్తున్నాను.

"వదినా, పెండ్లిళ్లకు పోయే కెమెరాతో కూరగాయలకు తీస్తాండావా? అన్న పిచ్చి నీకూ పట్టుకుండాదా?"

"పట్టుకుండాది. లోపలికొచ్చి చూడప్పా" అన్నాను.

నువ్వు కొన్న అతినీలలోహిత టార్చి వేశాను. పచ్చిమిరపకాయలు ముదురు ఎరుపులో వెలిగాయి. నీ తమ్ముడు ఒక కాయ చేతిలోకి తీసుకున్నాడు. కొనవచ్చినాయన అడిగాడు.

"ఈ ఎరుపు లైటుదా, కాయదా అమ్మా?"

"కాయదే. మామూలు వెలుతురులో కనపడదు, అంతే."

ఈ మాట నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఈ టార్చితో నువ్వు తీసిన ఫోటోలన్నీ ఊదారంగులో మునిగి వచ్చేవి. చూసినవాళ్లు నవ్వారు, వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. టార్చి ఊదా వెలుతురును ఆపడానికి లెన్సు ముందు పసుపురంగు ఫిల్టరు పెట్టాలని నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. నీకు ఆ మూడు నెలలు దొరకలేదు.

కెమెరా అమ్మేది లేదని ఇద్దరినీ పంపించేశాను.

సంవత్సరీకం కదా, షోకేసులో నీ ఫోటో పెట్టి దండ వేయమని మీవాళ్లంతా చెప్పారు. వేయలేదు. అక్కడ మిరపకాయల ఫోటో పెద్దది చేయించి పెట్టాను. కింద తీసినవాళ్లుగా మన ఇద్దరి పేర్లూ రాశాను. తీసేయమని ఎవరొచ్చి చెప్పినా తీయను.