రాజు ముఖం అరిగిన రూపాయి

ఉదయగిరి,
14 జూలై 2025.

చెల్లి సువార్తకు,

అక్క హన్నమ్మ ప్రేమతో రాసేది. దేవుని దయవల్ల నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఆత్మకూరులో నువ్వూ నీ ఇంటివాళ్లూ క్షేమమని నమ్ముతున్నాను. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావేమోనని ఉత్తరం రాస్తున్నాను. కోపం పక్కనపెట్టి ఒక్కసారి చదువు.

ఇక్కడ వాన చుక్క లేదు. పెరట్లో మునగచెట్టు మాత్రం విరగకాసింది.

అమ్మను మట్టిచేసిన మూడో రోజు, మీ ఇంట్లో, ఆమె వెండి రూపాయి నా చేతిలో పెట్టావు. బళ్లో బైబిలు వచనాలు అప్పజెప్పినందుకు అమ్మకు బహుమతిగా వచ్చిన రూపాయి. మన చిన్నప్పుడు దానిమీద రాజు కిరీటంలో రాళ్లు లెక్కపెట్టేవాళ్లం. నువ్విచ్చినదాని మీద రాజు ముఖమే ఆనలేదు. "అసలుది దాచుకొని అరిగింది పెట్టినావు కదే" అని చుట్టాలందరి ముందూ అనేశాను. నువ్వు వంటింట్లోకి వెళ్లి, నేను బస్సుకు బయలుదేరేదాకా బయటికి రాలేదు. ఐదేళ్లయింది.

మొన్న ఆత్మకూరు బజారులో వెండిపని చేసే కోటేశ్వర్‌కు దాన్ని చూపించాను. భూతద్దం పెట్టి చూశాడు. ఆకురాయితో అరగదీసుంటే గీతలు పడేవట. చేతులు మారి అరిగుంటే రెండువైపులా అరిగేదట, అంచు గాట్లు కూడా పోయేవట. దీని అంచు కొత్తదానిలా ఉంది, వెనక అక్షరాలు చెక్కుచెదరలేదు. ముఖం వైపే చిన్న గుంట పడింది.

"ఎవరో ఏళ్ల తరబడి బొటనవేలితో రుద్దినారమ్మా. మీ ఇంట్లో అట్టాంటోళ్లు ఉండారా?" అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అమ్మకు చూపు పోయాక ఒకసారి మీ ఇంటికి వచ్చాను. మంచం మీద కూర్చునుంది. కొంగు కింద కుడిచెయ్యి కదులుతూనే ఉంది. ప్రార్థన చేసుకుంటోందనుకుని మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేశాను. ఎనిమిదేళ్లు ఆమెకు అన్నం కలిపి పెట్టినదానివి, ఆ చేతిలో ఏముందో నీకు తెలుసు. పెద్దకూతుర్ని, నేను అడగనైనా లేదు.

అంతా తెలిసీ ఆరోజు ఎందుకు చెప్పలేదే? అందరి ముందూ నా తల వంగిపోతుందనేనా? నువ్వు చిన్నప్పుడూ అంతే. నేను పగలగొట్టిన దుత్తకు నువ్వు దెబ్బలు తిన్నావు.

తప్పు నాది. క్షమించు. ఆ రూపాయి ఉండవలసింది నీ దగ్గరే. ఇరవై ఆరో తేదీ శనివారం పొద్దుటి బస్సుకు తెస్తాను.

నీ అక్క,
హన్నమ్మ

తా.క.: పైన మొన్న అని రాశాను. అది అబద్ధం. కోటేశ్వర్ ఆ మాట చెప్పి మూడేళ్లయింది. ఆరోజే మీ సందు దాకా వచ్చాను. నువ్వు వాకిట్లో బట్టలు ఆరేస్తున్నావు. వెనకనుంచి అచ్చం అమ్మలాగే ఉన్నావు. పిలవడానికి నోరు రాక తిరిగి బస్సెక్కాను. శనివారం మాత్రం వెనక్కి పోను. నువ్వు తిట్టినా సరే, నీ తిట్లయినా విని ఎన్నాళ్లయింది!