ఉలవల డబ్బా

స్వరూపా,

రెండో షిఫ్టుకు బొగ్గుబాయికి పోతున్న. పొయ్యి పక్క గిన్నెలో ఉలవలు నానబోసిన. రేపటి డబ్బాకు ఉడకబెట్టి, తాలింపేసి గుడాలు చెయ్యి. ఉల్లిగడ్డ దండిగ వెయ్యి, ఆలుగడ్డ వద్దు. నాకు చిన్న గిన్నెడే పెట్టు. పప్పులైనా కడుపు నిండ తింటే సుగర్ పెరుగుతదట. ఒక గుడ్డు, జర పాలకూర పెట్టు.

ఇయ్యాల తిన్న రెండు గంటలకు మిషన్‌లో చూసుకున్న. నూటనలభై ఆరు. పోయిన నెల రెండువందల అరవై ఉండె. వచ్చే వారం డాక్టర్ పరీక్షలో గిట్లనే వస్తే నన్ను బాయిలోకి దిగనిస్తరు. లేకుంటే గేటు కాడ కుర్చీలో కూసోబెడతరు. ఇరవై ఏడేండ్లు బొగ్గు తవ్వినోనికి గదేం మర్యాద?

ఇంకో ముచ్చట. నీ ఉలవలతోనే సుగర్ దిగుతలేదని నెల రోజులు ఒర్రిన కదా, తప్పు ఉలవలది కాదు. బాయిలో డబ్బాలు అందరం పంచుకొని తింటం. "ఏందన్నా, వదిన గుర్రపు దాణా పెట్టిందా?" అని మా షిఫ్టు ఓదెలు నవ్వేటోడు. తన అన్నం సగం నా మూతలో పెట్టేటోడు. వద్దంటే చిన్నబోతడని రోజూ తిన్న. నీకు చెప్పలే. ఆ అన్నం బందు పెట్టి ఇరవై రోజులాయె. ఇప్పుడు వాడే నా గుడాలు అడుగుతుండు.

నీకు మూకుడులో కూర ఉంచిన, తిను.

తప్పైందని ఎదురుంగ చెప్పుడు నాకు రాదు. నేనొచ్చినంక ఈ సంగతి ఎత్తకు. తిన్నవా అని అడుగు, చాలు.