ఇంట్లో వాసన పట్టే మనిషి

అంతర్వేది,
జూన్ 3.

రాజోలు గ్యాస్ ఏజెన్సీ మేనేజరు గారికి లక్ష్మీదుర్గ నమస్కరించి రాసుకుంటున్న అర్జీ.

ముందే ఒక మాట. గ్యాసు కనెక్షన్ వదిలేద్దామని నేననగానే మా ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. నాన్న నాకు వంట బద్ధకమన్నాడు. మా మేనత్త సత్యనారాయణమ్మ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లకి పొయ్యి దగ్గర నిలబడడం నామోషీ అంది. అమ్మ అటు తిరిగి కూర్చుంది. ఏడాదిగా ఈ ఇంట్లో మూడు పూటలా వండుతున్నది నేనేనని ఒక్కరికీ గుర్తు రాలేదు. మీరైనా ఉన్నది ఉన్నట్టు చదువుతారని రాస్తున్నాను.

కారణం భద్రత. కనెక్షన్ మా అమ్మ సత్యవాణి పేర ఉంది. కరోనా జ్వరంలో అమ్మకి వాసన పోయింది. మళ్ళీ రాలేదు. నాన్న కామరాజు బోటు డ్రైవరు. వేటకి వెళితే పది పదిహేను రోజులు రాడు. గ్యాసు లీకైతే పసిగట్టేది ఇంట్లో నా ముక్కొక్కటే. ట్యూబు ఒకసారి మార్చేను. ట్యూబు మారితే ముక్కు రాదు కదండీ. నాకేమో కొచ్చిలో రొయ్యల ఎగుమతి కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. జూలై ఏడుకి చేరాలి. ముక్కుని ఇక్కడ వదిలి మిగతా నేను వెళ్ళే వీలు లేదు కాబట్టి సిలిండరే వెళ్ళాలి. అమ్మకి కరెంటు పొయ్యి కొన్నాను.

సఖినేటిపల్లి వెళ్ళినప్పుడల్లా పనేమీ లేకపోయినా రేవు దగ్గర ఆగిపోతాను. జనాన్ని గోదావరి దాటించి నర్సాపురం చేర్చే పంటు అవతలి ఒడ్డు తాకేదాకా అక్కడే నిలబడతాను. ఇది అర్జీలో రాసే సంగతి కాదు. రాసేశాక కొట్టెయ్యబుద్ధి కాలేదు.

ఇట్లు,
లక్ష్మీదుర్గ

తా.క.: ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది. మనిషి కావాలంటే ఏది నొక్కాలో చెప్పడం లేదు. ఓటీపీ నాన్న ఫోనుకి వెళుతుంది. వేట నిషేధం కాబట్టి నాన్న హార్బరులో బోటు మరమ్మతులో ఉన్నాడు, ఫోను ఎత్తడు.


రాజోలు,
జూన్ 9.

కాబోయే సౌభాగ్యవతి లక్ష్మీదుర్గకు, మేనేజరు రామ్మూర్తి ఆశీస్సులు.

మన ఏజెన్సీకి ఇంత వివరంగా ఉత్తరం రావడం ఇదే మొదలండి. ఆఫీసంతా చేతులు మార్చుకుని చదివేం. పంటు సంగతి దగ్గరికొచ్చేసరికి మా క్యాషియరు అయ్యప్ప కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

విషయం అర్థమైందమ్మా. ఇరవై రెండేళ్ళలో కనెక్షన్ వదులుకున్నవాళ్ళని రెండు రకాలే చూసేను. అన్నదమ్ములు వేరుపడి పొయ్యిలు విడదీసుకుంటే ఒకటి, ఆడపిల్ల కాపురానికి వెళ్ళేటప్పుడు పుట్టింటి కనెక్షన్ తన పేర మార్పించుకుంటే రెండు. మా రికార్డు చూస్తే మీకు అన్నదమ్ములు లేరు. కాబట్టి రెండోదే. కొచ్చి సంబంధమంటే దూరమే గానీ, పిల్లాడు మంచివాడైతే దూరం ఏముంది. ఆడపిల్లలు మొహమాటపడి భద్రత అనీ, ఉద్యోగమనీ రాస్తారు. ఆయ్, మాకు తెలియదాండీ.

పేరు మార్పిడి కాగితాలు పంపుతున్నాను. అబ్బాయి పేరు దగ్గర ఖాళీ ఉంచేను. శుభలేఖ జతచెయ్యాలి. పోస్టులో ఆలస్యమని మన సిలిండర్ల బండి మీద త్రిమూర్తులు చేత పంపుతున్నాను. నమ్మకమైన మనిషి. ఎవరితోనూ అనడు.

శుభం కోరుతూ,
రామ్మూర్తి

తా.క.: త్రిమూర్తులు ముందు మీ మేనత్తగారింట్లో సిలిండరు దింపి వస్తాడు. కాస్త ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు.


అంతర్వేది,
జూన్ 17.

మేనేజరు గారికి, సౌభాగ్యవతి కాని, ఇప్పట్లో కాబోని లక్ష్మీదుర్గ రాస్తున్నది.

త్రిమూర్తులు మాట మీద నిలబడ్డాడు. ఎవరితోనూ అనలేదు, మా అత్తతో తప్ప. ఆపైన గ్యాసు బండి మా గుమ్మంలో ఆగి, సిలిండరు దింపకుండా నా చేతికో కవరిచ్చి వెళ్ళిపోవడం వీధంతా చూసింది. సాయంత్రానికి కొచ్చిలో నాకెవరో ఉన్నారు. మర్నాటికి అతను గ్యాసు కంపెనీలో ఆఫీసరయ్యేడు. ఆదివారానికి అతన్ని నా చేత మాన్పించడానికి మా అత్త మలికిపురం నుంచి ఇంకో పెళ్ళికొడుకుని తీసుకొచ్చింది. వాళ్ళు పదకొండు మంది. అందరికీ టీ కాచింది నేనే, మీ గ్యాసు మీదే.

ఆ అబ్బాయి మర్యాదగానే అడిగేడు.

"మీకేం ఇష్టమండీ?"

"వెళ్ళడం."

"ఎక్కడికండీ?"

"ఇంకా చూడలేదు."

ఆలోచించుకుని చెబుతామని లేచేరు. బజ్జీలు మాత్రం మిగల్లేదు.

మేనేజరు గారూ, కొచ్చిలో నాకెవరూ లేరు. ల్యాబువాళ్ళు పంపిన ఫొటో ఒకటుంది. అందులో తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిలు, వాళ్ళ వెనక ఒక కిటికీ. ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఫొటోలో పడలేదు. రోజుకోసారి ఫోను తెరిచి ఆ కిటికీనే పెద్దది చేసి చూస్తాను. తెల్లటి వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. అదేమిటో నాకు చూడాలని ఉంది. ఇంతకంటే సంబంధమేమీ లేదు.

కనెక్షన్ రద్దుకి నేనే ఒక కాగితం రాసేను, దాని మీద అమ్మ సంతకం పెట్టనంటోంది. నా మాట మీద నమ్మకం లేకపోతే మీ మెకానిక్కుని పంపి, ఈ ఇల్లు గ్యాసుకి తగునో తగదో మీరే తేల్చండి.

ఇట్లు,
లక్ష్మీదుర్గ

తా.క.: అబ్బాయి పేరు దగ్గర ఖాళీలో మా అత్త పెన్సిలుతో ఒక పేరు రాసింది. చెరిపి పంపుతున్నాను.


రాజోలు,
జూన్ 21.

లక్ష్మీదుర్గ గారికి,

పొరపాటైందండి. త్రిమూర్తుల్ని మందలించేను. "మేనత్తంటే ఇంట్లో మనిషే కదండీ" అన్నాడు.

మీరు కోరినట్టే గురువారం మెకానిక్ శివాజీని పంపేను. మీరు సూట్‌కేసు కొనడానికి నర్సాపురం వెళ్ళేరట. అతనిచ్చిన రిపోర్టు ఇది.

ఒకటి. శివాజీ గుమ్మంలో ఉండగానే మీ అమ్మగారు, "దారిలో పనసతొనలు తిన్నట్టున్నావు బాబూ, చేతులు కడుక్కునిరా" అన్నారు. అతను తిన్నమాట నిజమే.

రెండు. "రెగ్యులేటరు దగ్గర రెండ్రోజులుగా సన్నగా వాసనొస్తోంది, వాషరు చూడు" అని ఆవిడే చూపించేరు. వాషరు నిజంగానే అరిగింది. మార్చేడు.

కాబట్టి ఇంట్లో వాసన పట్టే మనిషి ఉండరన్న మీ కారణం మా పరిశీలనలో రుజువు కాలేదు. రుజువు కాకపోవడమే కాదండీ, మా శివాజీ కంటే మీ అమ్మగారి ముక్కే మెరుగని తేలింది. పైగా తుఫానొస్తే మీకు వారం రోజులు కరెంటుండదు. అర్జీ తిరస్కరించడమైనది. మీరు నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్ళవచ్చు.

ఇట్లు,
రామ్మూర్తి

తా.క.: ఈ సంగతి అమ్మాయితో అనొద్దని మీ అమ్మగారు శివాజీకి మరీ మరీ చెప్పేరట. అతను మాట తప్పలేదు, నాతోనే అన్నాడు. నేను ఆఫీసు పద్ధతి ప్రకారం మీకు తెలియజేస్తున్నాను.


అంతర్వేది,
జూన్ 25.

రామ్మూర్తి గారికి,

మీ ఉత్తరం త్రిమూర్తులు అమ్మ చేతికే ఇచ్చేడు. చదివి, మడిచి, నాకిచ్చి, "ఆ కుర్రాడికి చెప్పొద్దనే చెప్పేను" అంది.

అమ్మకి వాసన తిరిగొచ్చిందని నాకు మార్చి నుంచీ తెలుసండి. మంచం మీద పడుకునే, పక్కింటి పులుసులో మెంతులు మాడేయంది. అనేసి నాలిక కరుచుకుంది. నేను విననట్టు ఊరుకున్నాను. అర్జీలో మీకు రాసింది అబద్ధం. ఆవిడకి వాసన రానంతకాలం నేను వెళ్ళక్కర్లేదు. వెళ్ళడానికి భయంగా ఉందని ఎవరికీ చెప్పక్కర్లేదు. నన్ను ఇంట్లో ఉంచుకోడానికి అమ్మ నటించింది. ఆ నటన నాకూ పనికొచ్చింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ట్యూబు చిట్లి గ్యాసు వచ్చింది. పొయ్యి వెలిగించి లేదు. అమ్మ దాని పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నేను గుమ్మంలో ఉన్నాను. వాసన గుమ్మం దాకా కొడుతోంది. అమ్మ ముక్కుపుటాలు అదిరేయి. నా వైపు చూసింది. మళ్ళీ తల వంచుకుని తరగడం మొదలుపెట్టింది. లేస్తే వాసన తెలుస్తోందని బయటపడి నేను వెళ్ళిపోతానని లేవలేదు. ఎంతసేపటికి లేస్తుందో చూద్దామని నేనూ కదల్లేదు. ఏడు బెండకాయలు తెగేయి. చివరికి నేనే వెళ్ళి రెగ్యులేటరు కట్టేసేను.

మీ రికార్డులో రాయాల్సిన కారణం అది. వాసన తెలియని మనిషైతే ఎవరైనా వచ్చి చెప్పొచ్చు. తెలిసీ, కూతురు ఉండిపోతుందని కూర్చునే మనిషున్న ఇంట్లో సిలిండరు ఉండకూడదు. చూస్తూ నిలబడే కూతురు కూడా ఉండకూడదు.

ఇదంతా నిన్న అమ్మతో చెప్పేను. "ఏడు కాదు, తొమ్మిది" అంది. పెన్ను అడిగి సంతకం పెట్టింది. మరీ ఒత్తి పెట్టడంతో కాగితం కొంచెం చిరిగింది. చెల్లుతుంది. తుఫానుకి కరెంటు పోతే అత్త ఇంట్లో వండుకుంటుంది. అక్కడ గ్యాసుంది, కబుర్లకి కొదవ లేదు.

ఇట్లు,
లక్ష్మీదుర్గ

తా.క.: సిలిండరు సోమవారం తీసుకెళ్ళండి. నేను మంగళవారం వెళుతున్నాను.