కొవ్వొత్తి లేకుండా దిగిన మెట్లు

వదినకు,

పాపను గుండె పరీక్షలకు తిప్పుతున్నావట, ఆటలు కూడా మాన్పించావట. అక్క చెప్పింది. ఇక దాచలేను.

అన్నయ్యా నేనూ ఏటా నేలమాళిగలో వైన్ పెట్టి, కొన్న సీసాలో ఈ రుచి ఎక్కడిదని గొప్పలు పోయేవాళ్లం కదా. ద్రాక్ష పులిసేటప్పుడు వచ్చే గాలి కంటికి కనబడదు, కిందే పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. అందుకే నాన్న కొవ్వొత్తి పట్టుకునే మెట్లు దిగేవాడు. మంట ఆరితే వెనక్కి వచ్చేసేవాడు.

ఆ రోజు ఈగలు ముసురుతున్నాయని నేలమాళిగ కిటికీ మూసింది నేనే. అన్నయ్య అగ్గిపెట్టె వెతుక్కుంటుంటే, "ఇంకా నాన్న చాదస్తమేనా?" అని నవ్వి టార్చి చేతిలో పెట్టిందీ నేనే. "సరేలేరా, చదువుకున్నోడివి నువ్వు చెప్తే కాదంటానా" అంటూ దిగాడు.

అన్నయ్య పోయింది గుండెపోటుతోనని డాక్టరు రాస్తే నోరు మెదపలేదు. ఆ సాయంత్రమే కొవ్వొత్తి వెలిగించుకుని వెళ్లాను. నాలుగో మెట్టు మీద ఆరిపోయింది.

నన్ను మీ గడప తొక్కనివ్వకపోయినా సరే, పాపను మాత్రం పరిగెత్తనివ్వు. దాని గుండెకేమీ లేదు వదినా. అన్నయ్య గుండెకీ ఏమీ లేదు.

నీ మరిది