జనవరి ఒకటో తేదీ గంగమ్మలు

పలాస,
డయాలసిస్ కేంద్రం వరండా నుంచి.

పలాస రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, కాశీబుగ్గ కాపురస్తుడు, జూనియర్ కళాశాల అధ్యాపకుడు, కిడ్నీ రోగుల సహాయ సంఘం కన్వీనరు అయిన ఉదయ్ భాస్కర్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మెడికల్ ఫ్రంట్ ఆఫీసు అసిస్టెంటు శిక్షణ నుండి కుమారి భారతి (జలంత్రకోట)ని తొలగిస్తూ ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేయించి, గురువారం జరిగే తుది పరీక్షకు ఆమెను కూర్చోబెట్టుట గురించి.

1. పై విషయమై మనవి చేయునది ఏమనగా, నా భార్య ప్రభావతికి మూత్రపిండాలు రెండూ పనిచేయవు. వారానికి మూడుసార్లు ఆమెను ఈ కేంద్రానికి తీసుకువస్తాను. ఆమె లోపల యంత్రం మీద ఉన్నంతసేపూ ఈ వరండా బెంచీయే నా ఇల్లు. కనుక కింద వ్రాసినది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా కళ్ళెదుట జరిగినది. కొంత నా చొక్కా మీద కూడా పడినది.

2. సాగరదీప నైపుణ్య శిక్షణ సంస్థ వారు మా ప్రాంతపు ఆడపిల్లలకు ఈ కేంద్రం కౌంటరులోనే కూర్చోబెట్టి ఆసుపత్రి కౌంటరు పని నేర్పుతున్నారు. ఫోను ఎత్తడం, అపాయింట్‌మెంటు ఇవ్వడం, బీమా కాగితాలు సర్దడం, వచ్చిన రోగి ఎవరో నిర్ధారించుకుని లోపలికి పంపడం. మంచి చదువే. దీనికి నేను వ్యతిరేకిని కాను. భారతి తల్లి ధనలక్ష్మి వేళ్ళు చూసినవాడెవడూ వ్యతిరేకి కాలేడు. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, ఆ నూనెకి తోలు కాలి నల్లబడిన వేళ్ళు అవి. ఆ వేళ్ళు కూతురికి రాకూడదని ఆ తల్లి పిల్లని ఈ కోర్సులో చేర్చింది. పిల్లకి పరీక్ష తప్పితే మళ్ళీ ఆ ఫ్యాక్టరీయే గతి. ఈ అర్జీలో ప్రాణం ఎక్కడుందని తమరు వెతకనక్కరలేదు, ఇక్కడే ఉంది.

3. శిక్షకురాలు శ్రీమతి మాధవీలత గారు నగరం నుండి వచ్చినవారు. ఆవిడ నేర్పిన పాఠం ఇది: రోగిని పేరు, పుట్టిన తేదీ అడగాలి. రెండూ కంప్యూటరుతో కలిస్తే లోపలికి పంపాలి. మూడో ప్రశ్న వేయరాదు. మొదటి వారంలో భారతి ఒక ముసలమ్మని "ఏ పడవోల్లమ్మా మీరు?" అని అడిగింది. అందరి ముందూ నిలబెట్టి, ఇది చేపల రేవు కాదు, ఆసుపత్రి అని నవ్వి మార్కులు కోశారు. పిల్ల మళ్ళీ అడగలేదు. చెప్పినట్టు విన్నది. అదే ఆమె నేరం.

4. ఉద్దానం తీరం సంగతి తమకు తెలియదని నేను అనుకోను. అయినా రికార్డు కోసం వ్రాస్తున్నాను. ఆ ఊళ్ళలో ఇంటిపేర్లు కొన్నే, సగం మంది బడేవారే. సముద్రం మీద బతికేవాళ్ళు కనుక ఇంటికొక ఆడపిల్లకైనా గంగమ్మ తల్లి పేరు పెడతారు. మనిషిని గుర్తుపట్టేది పడవని బట్టే. ఇక పుట్టిన తేదీలంటారా? ఆధార్ తీయడానికి వచ్చినవాడు అడిగాడు. "తుపానేడు పుట్టేను బాబూ" అని వీళ్ళు చెప్పారు. తుపాను ఏడు కంప్యూటరులో పట్టదు కనుక వాడు వయసు కళ్ళతో కొలిచి జనవరి ఒకటి అని కొట్టాడు. అందరికీ అదే కొట్టాడు. జనవరి రెండు మొదలు డిసెంబరు ఆఖరు వరకు ఆ ఊళ్ళో ఎవరూ పుట్టలేదన్నది నేటికీ ప్రభుత్వ రికార్డు.

5. గత సోమవారం ఉదయం బడే గంగమ్మ అన్న పేరు పిలిచారు. తవిటయ్య పడవవాళ్ళ గంగమ్మ లేచింది. ఆమె వంతు మర్నాడు, ఆ పూట సూదిమందు కోసం వచ్చింది, పిలిచింది దానికే అనుకుంది. భారతి తేదీ అడిగింది. "జనవరి ఒకటి" అన్నది. కంప్యూటరులో ఉన్న సంవత్సరమూ కలిసింది. లోపలికి పంపారు, యంత్రం మీద పడుకోబెట్టారు. అసలు వంతు సన్యాసయ్య పడవవాళ్ళ గంగమ్మది. ఆమె బయట కుళాయి దగ్గర వాంతి చేసుకుంటోంది. ఒళ్ళంతా నీరు పట్టి, గోడ పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది.

భారతి కంప్యూటరు చూసి, "మీరు లోపల ఉన్నారండీ, మీకు డయాలసిస్ నడుస్తోంది" అన్నది.

"నాను రాకుండా నన్నెవులు లోపలెట్టేరమ్మా?" అన్నది గంగమ్మ.

భారతి సగం లేచింది. మాధవీలత గారు భుజం మీద చెయ్యి వేసి, "సిస్టం చూసి మాట్లాడు" అని కూర్చోబెట్టారు. గంగమ్మ బెంచీ దాకా వెళ్ళలేకపోయింది. నేల మీద పడి, ఒడ్డున వేసిన చేపలా నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంది.

6. అప్పుడు ఆమె కొడుకు రాజేష్ లోపలికి వచ్చాడు. "మాయమ్మకి బేగి సూడండి" అన్నాడు. "మీ అమ్మగారు లోపలే ఉన్నారు, సహకరించండి" అన్నారు మాధవీలత గారు.

"మాయమ్మ లోపలుంటే ఈ నేల మీద కొట్టుకుంటన్నదెవులే?"

సెలైను స్టాండు లేపి కౌంటరు అద్దం మీద కొట్టాడు. అద్దం భారతి ముఖం మీద కూలింది. పగిలిన సందులోంచి చెయ్యి పెట్టి జడ పట్టుకుని ఆమె తలని బల్లకేసి కొట్టాడు. కోపంతో ఉన్న రోగి బంధువుతో ఎలా మాట్లాడాలన్నది కూడా ఆ కోర్సులో ఒక పాఠం. నవ్వు చెదరనివ్వకుండా, "మీ బాధ నాకు అర్థమైందండీ" అనాలి. ఆ పిల్ల, కనుబొమ చీలి రక్తం నోట్లోకి కారుతుంటే, అదే అన్నది.

"ఏటర్థమైందే నీకు?" అని ఒక దెబ్బ. "సెప్పు, ఏటర్థమైంది?" అని ఇంకొకటి.

కాపలాదారు వాసు లాఠీతో రాజేష్ మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. చెయ్యి వేలాడిపోయాక కూడా ఆపలేదు. కింద పడ్డవాణ్ణి, అంతవరకూ బెంచీల మీద కిక్కురుమనకుండా కూర్చున్న పెద్దమనుషులు లేచి వచ్చి మరీ తన్నారు. అడ్డం వెళ్ళిన నా పక్కటెముకల మీద ఎవరి బూటు దిగిందో నాకిప్పటికీ తెలియదు. గాజుపెంకుల మీద మోకాళ్ళతో పాకి వెళ్ళి గంగమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, "డాక్టరు గారూ, ఇంకో గంగమ్మ ఈడుంది! సచ్చిపోతంది!" అని తన సొంత భాషలో అరిచిన మనిషి ఒక్కతే, భారతి. ఆ అరుపుకే డాక్టరు పరిగెత్తుకు వచ్చాడు. గంగమ్మ బతికింది.

7. ఆడపిల్ల జడ పట్టిన చేతికి నేను వకాల్తా పుచ్చుకోను. రాజేష్ శిక్ష అనుభవించాలి. కానీ కేంద్రం వారు హత్యాయత్నం అని తామే టైపు చేసిన ఫిర్యాదు తెచ్చి, కుట్లు వేసిన ముఖంతో మంచం మీదున్న భారతి చేతిలో పెట్టారు. "కొట్టినాడని రాత్తాను. సంపడానికి వొచ్చినాడని రాయను. ఆడు ఆలమ్మ కోసం వొచ్చినాడు" అన్నది పిల్ల. సంతకం పెట్టలేదు. మర్నాడే సంస్థ ఉత్తర్వు వచ్చింది: రోగి నిర్ధారణలో తీవ్రమైన తప్పిదం, సంస్థ ప్రతిష్ఠకు భంగం, శిక్షణ నుండి తొలగింపు. తప్పిదం నేర్పినవారు మాత్రం కొత్త అద్దం వెనక కొత్త పిల్లలకు అదే పాఠం చెబుతున్నారు. అయ్యా, ఇది తప్పిదం కాదు. ఇది ఒక మనిషిని సముద్రంలోకి తోసి, ఈత రాని నేరానికి కేసు పెట్టడం. మంచి గాజు తెచ్చారట, పగలదట. నేను పాతికేళ్ళుగా పిల్లలకు అహింస పాఠం చెప్పినవాణ్ణి. ఆ గాజు చూస్తే నా చేతులు రాళ్ళు వెతుకుతున్నాయి.

8. ఈ ఉదయం సన్యాసయ్య గంగమ్మ తన వంతుకి వచ్చి బెంచీ మీద కూర్చున్నది. పేరు పిలిస్తే లేవలేదు. "ఆ గుంటని తెచ్చి కుర్సీలో కూకోబెట్టండి. అప్పుడు లెగుత్తాను" అన్నది. గుంటంటే భారతి. తవిటయ్య గంగమ్మ తన వంతు కాకపోయినా వచ్చి ఆమె పక్కన కూర్చున్నది. తరవాత పిలిచినవాళ్ళూ లేవలేదు. లోపల యంత్రాలు ఖాళీగా ఉన్నాయి, బయట బెంచీలు నిండి ఉన్నాయి. తిండి మానేసినవాడికి కొన్నాళ్ళు గడువుంటుంది. వీళ్ళకి అంత గడువు లేదు. వీళ్ళ ఒంట్లో నీరూ విషమూ గంటగంటకూ పెరుగుతాయి.

కావున కోరునది: భారతిని గురువారం పరీక్షకు కూర్చోబెట్టించాలి. తీరం ఊళ్ళ రోగులను పేరూ తేదీతోపాటు ఫొటో చూసి, ఏ పడవవాళ్ళో అడిగి గుర్తించాలని ఆదేశించాలి. రాజేష్ చేసినదానికే కేసు పెట్టాలి, చేయనిదానికి కాదు. చెయ్యి విరిగి పడ్డవాణ్ణి తన్నినవాళ్ళనూ అడగాలి. అన్నిటికంటే ముందు తమరు స్వయంగా, ఈ పూటే, ఈ వరండాకు రావాలి. విచారణకు గుమస్తాను పంపితే, గుమస్తా చూసేసరికి ఇక్కడ విచారించవలసిన విషయం మారిపోయి ఉంటుంది.

ఇదంతా చిత్తగించి, చిత్తగించడంతో ఆగవలదని ప్రార్థన.

ఈ ఒక్క పనికి మాత్రమే తమ విధేయుడు,
ఉదయ్ భాస్కర్

తా.క. సంతకం పెట్టేసరికి ప్రభావతి పేరు పిలిచారు. ఈ కేంద్రంలో ప్రభావతి ఒక్కతే, పొరపాటుకు తావు లేదు. ఆమె లేవలేదు. గంగమ్మల పక్కకి జరిగి కూర్చుంది. మనకీ దీనికీ సంబంధం లేదు, అర్జీ రాశాను కదా, లే అన్నాను. "ఇన్నాళ్ళూ మీరు మాటాడేరు, నేను విన్నాను. ఇప్పుడు మీరు కూసోండి" అన్నది. ఆమె కాళ్ళు చూశాను. వాపుకి చెప్పు పట్టీ మాంసంలోకి దిగిపోయి ఉంది. అయ్యా, నేను ఎవరితోనైనా వాదించగలను. ఈవిడ చెప్పినట్టు కూర్చున్నాను. బేగి రండి.