కనుమదారి సత్రం ఎవరికి చెందాలి

పై వాటా ఇల్లాలినైన నేను, నా కుటుంబ సభ్యులకూ, ఈ కాగితాన్ని అమలు చేయవలసిన మా అమ్మాయికీ తెలియజేస్తూ, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్వస్థచిత్తంతో రాస్తున్న వీలునామా ఇది. స్వస్థచిత్తానికి రుజువు అడిగేవారికి: ఈ రోజు పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు రైలు సిగ్నళ్ల ఆటలో ఆఖరి జంక్షన్ దాటించాను. పాలూ పొంగలేదు, బండ్లూ గుద్దుకోలేదు.

వచ్చే వారం నా పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. "రాళ్లు తీయించుకోవడానికి వీలునామా ఏమిటే, నలుగురూ వింటే నవ్వుతారు" అన్నారు మావారు. గ్యాస్ కట్టేశామో లేదో అని స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి పరిగెత్తుకొచ్చే మనిషి ఆయన. కట్టేసి, ఇంకోసారి చూసి, అప్పుడు తాళం వేసే మనిషిని నేను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

1. స్థిరాస్తి. పై వాటా మావారి పేరున ఉంది కనుక అందులో నేను ఇచ్చేదేమీ లేదు. నగలు అమ్మాయికి. బ్యాంకులో నా పేర ఉన్నది పిల్లలిద్దరికీ చెరిసగం. దీని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

2. చరాస్తి. హాల్లో టీవీ కింద ఉన్న గేమ్ మెషీన్ నాది. పిల్లల కోసం కొన్నా, బిల్లు నా పేరునే ఉంది. వాళ్లు మోజు తీరి వదిలేశాక, ఒక మధ్యాహ్నం దుమ్ము తుడుస్తూ ఉంటే నా చేయి తగిలి అదే ఆన్ అయింది. ఆఫ్ చేయడం తెలియక ఆడాను. ఆఫ్ చేయడం తెలిశాక కూడా ఆడుతున్నాను. అందులోని ఆటలను ఈ కింది విధంగా పంచుతున్నాను.

3. రైలు సిగ్నళ్ల ఆట మావారికి. బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా పనిచేసే మనిషికి ఇంతకంటే తగినది లేదు. నేను ఆడుతుంటే వెనక నిలబడి, "ఆ రెండో లైను ఇవ్వవే, గూడ్సు ఆగనీ" అని చెప్పడమే తప్ప ఆయన ఎన్నడూ కంట్రోలర్ ముట్టలేదు. ఇక ముట్టుకోక తప్పదు. ఈ ఆటలో నాకు నచ్చినది ఒకటే: ఏ డ్రైవరూ చెడ్డవాడు కాదు. ఆలస్యమైతే అది సిగ్నల్ ఇచ్చినవాళ్ల తప్పే. ఎర్రదీపం పచ్చగా మారేముందు చిన్న గంట మోగుతుంది. ఆ గంట వింటే రోజంతా పడిన చిరాకు దిగిపోతుంది. షరతు: ఆడేటప్పుడు టీ కప్పు మెషీన్ మీద పెట్టరాదు.

4. దీవుల పడవ ఆట అమ్మాయికి. నర్సు ఉద్యోగం చేసి, కాళ్లు లాగుతూ ఇంటికి వచ్చి, "అమ్మా, నన్నేమీ అడక్కు" అని సోఫాలో కూలబడే పిల్ల ఇది. ఈ ఆట ఏమీ అడగదు. ఒక చిన్న పడవ, దాని నిండా ఉత్తరాలు, చుట్టూ దీవులు. గెలవడం లేదు, ఓడడమూ లేదు. వాన మొదలైతే కేబిన్ రేకు మీద చినుకుల చప్పుడు ఎంత బాగుంటుందంటే, నేను ఉత్తరాల సంగతి మరిచి పడవ ఆపేసి కూర్చున్న రోజులున్నాయి. ఒక దీవిలో దీపస్తంభం కాసే ముసలాయనకు ఎప్పుడూ ఉత్తరం రాదు. అయినా పడవ రాగానే మెట్లు దిగి వస్తాడు. ఈ ఆట తయారుచేసిన వాళ్లలో ఒకరైనా ఎవరి కోసమో గుమ్మంలో నిలబడి చూసిన మనిషి అయి ఉండాలి. దీనిమీద ఒకే ఒక్క ఫిర్యాదు: మ్యాపులో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నా కళ్లజోడు కూడా అమ్మాయే తీసుకోవచ్చు.

5. కత్తియుద్ధం ఆట అబ్బాయికి. నా కత్తి, కవచం, పెట్టెలో వరసగా సర్ది ఉంచిన మందు సీసాలు సర్వహక్కులతో వాడివే. వంతెన మీద కూర్చున్న కప్పరాజును చూసి, "ఇది నీవల్ల కాదులే అమ్మా, జన్మలో దాటలేవు" అన్నది వాడే. ఆ మాట నేను మరిచిపోలేదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను. వాడు కత్తి ఊపుతూ ఉంటాడు. నేను కత్తి దించి కప్పనే చూశాను. దూకే ముందు దాని గొంతు ఉబ్బుతుంది, కుక్కర్ విజిల్ వేసేముందు గుసగుసలాడినట్టు. అప్పుడు పక్కకు తప్పుకుంటే సరి. మళ్లీ మళ్లీ చచ్చాను, నిజమే. కానీ చచ్చిన ప్రతిసారీ ఈ ఆట వెక్కిరించకుండా దీపం దగ్గర లేపి కూర్చోబెడుతుంది. కొట్టేముందు చెప్పి కొట్టే శత్రువు, ఓడితే తిట్టని గురువు. బయట ఈ రెండూ దొరకడం కష్టం.

6. కనుమదారి సత్రం. అసలు ఈ కాగితం రాస్తున్నది దీనికోసం.

రెండు కొండల మధ్య దారిలో పాడుబడిన సత్రం ఒకటి. దాన్ని ఇద్దరు కలిసి నడపాలి. ఒకరిది వంటశాల, ఒకరివి గదులు. మంచులో నడిచి వచ్చినవాళ్లు గడపలో బూట్లు దులుపుకుంటారు. ఆ మంచు కరిగి మడుగు అవుతుంది. దాన్ని ఎవరో ఒకరు తుడవాలి. ఇల్లు చూసుకునేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని ఆ మడుగును గుర్తుపెట్టుకుని ఆటలో పెట్టిన వాళ్లెవరో, వాళ్ల చేతులు చల్లగుండాలి. బాటసారి కంటినిండా నిద్రపోయి లేస్తే కిటికీలో ఒక దీపం వెలుగుతుంది. దీపాలు పెరిగేకొద్దీ సత్రం ఇంకా దూరానికి కనిపిస్తుంది. దారి తప్పేవాళ్లు తగ్గుతారు.

వంటశాల నాది. గదులు కింది వాటాలో ఉండే నా తోటికోడలివి. మా ఇద్దరికీ మాటలు లేవు.

అమ్మాయి బడిలో చేరిన ఏడు, మరిది పుట్టినరోజున ఇంటిల్లిపాదికీ నేనే వండాను. ఆవిడ కడుపునిండా తిని, చేయి కడుక్కుని, పదిమందిలో, "అక్క వంట లెక్కల పుస్తకంలా ఉంటుంది. అన్నీ సరిపోతాయి, రుచే ఉండదు" అంది. అందరూ నవ్వారు. మావారు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి మెట్ల మీద ఎదురుపడితే నేను గోడవైపు తిరుగుతాను, ఆవిడ కమ్మీవైపు తిరుగుతుంది.

ఈ సత్రాన్ని పై మెషీన్, కింది మెషీన్ కలిపి మొదలుపెట్టింది మా అబ్బాయి, వాళ్లబ్బాయి. వారం తిరక్కుండా వదిలేశారు. ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే సత్రం వంటశాలలో ఉల్లిపాయలు తరుగుతుంటే, సత్రం మేడ మీద ఎవరో దుప్పట్లు దులుపుతున్న చప్పుడైంది. కింది మెషీన్ నుంచి తప్ప ఎవరూ రాలేరు. ఆ వేళప్పుడు కింది వాటాలో ఉండేది ఆవిడ ఒక్కతే. కంట్రోలర్ పక్కన పడేద్దామనుకున్నాను. పొయ్యి మీద సూప్ ఉంది, మాడిపోతుందని ఆగాను. అలా ఆగినదాన్ని ఆగే ఉన్నాను.

ఉన్నమాట రాయాలి. ఆవిడంత బాగా గదులు చూసేవాళ్లను నేనెక్కడా చూడలేదు. దగ్గేవాళ్లకు పొయ్యి పక్క గది, తెల్లారకుండా బయలుదేరేవాళ్లకు మెట్ల పక్క గది, ఒంటరిగా వచ్చినవాళ్లకు దారి కనిపించే కిటికీ. ఇవేవీ ఆట నేర్పదు. ఆటలో మాటలుండవు. చేయి ఊపడం, ఈల, చప్పట్లు, ఈ మూడు బటన్లే. నేను వంటకం గిన్నెలో పోసి పంపిన ప్రతిసారీ ఆవిడ చప్పట్లు కొడుతుంది. అవి మెచ్చుకోలో వెటకారమో నాకు నేటికీ తెలియదు.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. సత్రం ఉన్నది నా మెషీన్‌లో. నేను తలుపు తీస్తేనే ఆవిడ లోపలికి రాగలదు. "ఇది పాతబడిపోయిందమ్మా, షాపులో ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందాం" అని అబ్బాయి పండగ బేరాలు వచ్చినప్పుడల్లా అంటున్నాడు. షాపువాళ్లు లోపల ఉన్నదంతా తుడిచేస్తారు. నేను పోయాక ఆ పని జరిగితే, కింద ఆవిడ బటన్ నొక్కుతుంది, సత్రం దొరకలేదని వస్తుంది. ఎందుకో చెప్పే దిక్కుండదు. పోతూ పోతూ కసికొద్దీ కూల్చేసి పోయిందనుకుంటుంది. ఆ మాట పడడానికి నేను సిద్ధంగా లేను. పైగా ఆ దీపాలన్నీ ఆవిడ వెలిగించినవి.

సత్రాన్ని కింది మెషీన్‌కు మార్చే ఉపాయం ఆటలోనే ఉంది. నా తెర మీద ఒక కోడ్ వస్తుంది. అది చెరిగిపోయేలోపు ఆవిడ తన తెర మీద కొట్టాలి. చేయి ఊపి, ఈల వేసి కోడ్ చెప్పలేం. నోటితో చెప్పాలి. అమ్మాయిని అడిగితే, "మీ ఇద్దరికీ పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం నేను చేయను. పదహారు మెట్లు దిగి నువ్వే చెప్పుకో" అంది. ఆ మెట్లు దిగడం నావల్ల కాదు. అందుచేత గేమ్ మెషీన్‌ను, అందులోని కనుమదారి సత్రంతో సహా, నా తదనంతరం నా తోటికోడలికి సర్వహక్కులతో చెందేలా రాస్తున్నాను. మిగిలినవాళ్లు తమ ఆటలు అక్కడికి వెళ్లి ఆడుకోవలసింది. ఎవరూ దాన్ని అమ్మరాదు, మార్చరాదు, తుడిపించరాదు.

7. లెక్కల పుస్తకం మాట నేను ఎవరికీ రాసివ్వడం లేదు. అది నాతోనే ఉంటుంది.

సవరణ, అదే రోజు, సంతకాలకు ముందు.

సాక్షుల చోట ఒక సంతకం సగంలో ఆగి, కొట్టివేసి ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ అనుమానపడకూడదని కారణం రాస్తున్నాను.

సాక్షిగా మరిదిని పిలుచుకు రమ్మని మావారిని కింది వాటాకు పంపాను. మరిది ఇంట్లో లేడు. మావారికి ఆలోచన తక్కువ, తొందర ఎక్కువ. ఉన్నవాళ్లను తీసుకొచ్చారు. ఆవిడ చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నావైపు చూడకుండా పెన్ను అందుకుని, సంతకం మొదలుపెట్టింది. వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు దానికి సాక్షి సంతకం చేస్తే వాళ్లకు రాసింది చెల్లదు. ఈ సంగతి కనుక్కునే నేను పని మొదలుపెట్టాను. అక్షరాలు పడుతున్నాయి. ఇంకొక్కటి పడితే సత్రం పోతుంది. "నువ్వు సంతకం పెట్టకు" అన్నాను.

ఇన్నేళ్ల తర్వాత నేను అన్న మొదటి మాట అది. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టి, "నా సంతకం కూడా పనికిరాదా నీకు?" అని మెట్లవైపు నడిచింది. అప్పుడు చెప్పక తప్పలేదు. నీకు రాశాను, అందుకే వద్దన్నాను అని కాగితాలు చేతికిచ్చి ఆరో నిబంధన చూపించాను. ఆవిడ నిలబడే మొదటి నుంచీ చదివింది. చదవడం అయ్యాక అడిగిన మొదటి ప్రశ్న సత్రం గురించి కాదు. "ఆపరేషన్ ఏమిటక్కా? నాకెవరూ చెప్పలేదే" అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "నీ డొక్కు మెషీన్ నాకెందుకు? మాకుంది. ఆ కోడేదో చెప్పు" అంది.

ఆవిడ కిందికి వెళ్లి మెషీన్ ఆన్ చేసింది. నేను తెర మీది కోడ్ చీటీ మీద రాసుకుని, మెట్ల పైన నిలబడి ఒక్కొక్క అక్షరం గట్టిగా చెప్పాను. ఆవిడ కింది నుంచి తిరిగి చెప్పింది. ఒకటి తప్పింది, మళ్లీ చెప్పాను. సత్రం వెళ్లిపోయింది. చప్పట్ల సంగతి కూడా అప్పుడే అడిగేశాను. "ఆటలో బాగానే వండుతావు" అని కింది నుంచి జవాబు వచ్చింది.

కనుక ఆరో నిబంధన రద్దు. బతికుండగానే ఇచ్చేశాను. మెషీన్ అబ్బాయికి, వాడి ఇష్టం. ఏడో నిబంధన యథాతథం.

ఇకనుంచి సత్రం ఆవిడది, నేను అతిథిని. ఆవిడ తలుపు తీస్తేనే నాకు లోపలికి దారి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మధ్యాహ్నం తీసి ఉంచుతానంది. అందువల్ల ఈ వీలునామా వెంటనే అమలు కావాలన్న తొందర నాకు లేదు.

తేదీ: 2024 జూలై 14, ఆదివారం.

(సంతకం)
పై వాటా ఇల్లాలు

సాక్షులు:
1. (సగం సంతకం, కొట్టివేత) కింది వాటా ఇల్లాలు
2. (సంతకం) వీధి చివర మందుల షాపాయన
3. (సంతకం) ఎదురింటి దర్జీ